బూరుగుదూది తమ్ముడు

మొన్న మా తమ్ముడింటికి ఒక పార్సిల్ వచ్చింది. వాడి మనవరాలికి ఆరేళ్లు. దాని కోసం వాళ్ల నాన్న ఫోన్లోనే ఆర్డరు పెట్టాడట. అట్టపెట్టె విప్పితే లోపల మరియమాత ఉంది. మెత్తటి బొమ్మ. నీలం ముసుగు, గులాబీ బుగ్గలు, గుండ్రటి కళ్లు. పొట్ట మీద నొక్కితే ఇంగ్లీషులో మంగళవార్త జపం చెబుతుంది.

నాకు ముందు ఒళ్లు మండింది. తల్లి పొట్ట నొక్కి జపం చెప్పించుకోవడమేమిటి, చోద్యం కాకపోతే! కానీ పిల్ల దాన్ని గట్టిగా వాటేసుకుని, "పెద్దమామ్మా, ఇది పక్కలో ఉంటే భయం వెయ్యదంట, డాడీ చెప్పాడు" అంటుంటే ఇక ఏమనను? చేతిలోకి తీసుకుని వాసన చూశాను. కొత్త ప్లాస్టిక్ వాసన. అంచున చిన్న చీటీ కుట్టి ఉంటే కళ్లజోడు పెట్టుకుని చదివాను. బొమ్మకు నీళ్లు తగలనివ్వరాదని ఉంది.

కుర్చీలో పేపరు చదువుతున్న తమ్ముడు తలెత్తకుండానే అన్నాడు. "ఒసేయ్ చిట్టితల్లీ, ఆ బొమ్మని మీ పెద్దమామ్మకి అందకుండా దాచుకో. చేతిలో చెంబుందంటే ఎవర్నీ వదలదు. నన్నే వదల్లేదు."

వాడికి అరవై దాటాయి. ఈ మాట ఊహ తెలిసినప్పటినుంచీ అంటూనే ఉన్నాడు. వాడి పెళ్లిలో కూడా అన్నాడు, నలుగురిలో నా పరువు తీస్తూ. ఆ చెంబు కథ చెప్పాలంటే మా మామ్మ దగ్గర మొదలుపెట్టాలి.

మామ్మ అంటే మా నాన్నకు తల్లి. ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఏలిన మా ఊరి ఫరంపేటలో, మా పెంకుటింటి వెనక బూరుగు చెట్టు ఉండేది. ఎండలు ముదిరితే కాయలు పగిలి పెరడంతా దూది ఎగిరేది. మామ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని గింజలు తీసేది, నేను తుమ్ముకుంటూ ఏరేదాన్ని. మా ఇంట్లో దిండ్లూ, పరుపులూ, దేవుడూ, అందరూ ఆ చెట్టులోంచే వచ్చారు. గింజ నూనె, ఎండ కలిసిన ఆ దూది వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది.

దేవుడు అన్నది ఊరికే కాదు. ముందు గదిలో అల్మారాలో మట్టి స్వరూపాలుండేవి. వాటిని ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానని నాన్న బెదిరించేవాడు. మామ్మకు ఆ పద్ధతి నచ్చేది కాదు. "అల్మారాలో దేవుడు పెద్దోళ్లకిరా. పిల్లలకి సంకలో ఇమిడే దేవుడు కావాలి. కింద పడితే పగలకూడదు, వాటేసుకుంటే గుచ్చుకోకూడదు" అనేది. పాత గుడ్డలు కత్తిరించి, దూది కూరి, తనే కుట్టేది. మరియతల్లికి మామ్మ పాత నీలం చీర కొంగు ముసుగైంది. మరియతల్లి భర్త జోజప్పగారికి కొబ్బరి పీచు గడ్డం. గొర్రెపిల్లకు చిరిగిన గొంగళి ముక్క. జోజప్పగారి గడ్డం వారానికోసారి ఊడిపోయేది. అన్నంలో పీచు కనబడితే అమ్మ, "ఇదిగో, జోజప్పగారు కూరలోకొచ్చారు" అని తీసి పక్కన పెట్టేది.

బడిలో సిస్టరుకు ఈ సంగతి తెలిసింది. దేవుణ్ణి చంకనేసుకుని వీధులెంట తిరగడమేమిటని మామ్మను పిలిచి అడిగింది. మామ్మ చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా, "అవునండీ ఆయ్, మరి మరియతల్లి ఎక్కడేసుకుని తిరిగిందంటారండీ?" అంది.

పక్కింటి పిల్ల నా ఈడుది. వాళ్లు కాకినాడ వైపునుంచి వ్యాపారానికొచ్చిన హిందువులు. మేమిద్దరం ఒక మధ్యాహ్నం మరియతల్లికీ జోజప్పగారికీ పెళ్లి చేశాం. తను ఇంట్లోంచి పసుపుతాడు తెచ్చింది, నేను బెల్లం ముక్కలు తెచ్చాను. తాటాకు చాట మీద వాయించుకుంటూ ఊరేగించాం. నాన్న చూసి కేకలేయబోతే మామ్మ అడ్డొచ్చింది. "ఆళ్లకీ పెళ్లయిందిగా, తప్పేముంది? నాకు బెల్లం పెట్టలేదేంటే, ఆడపెళ్లోరు?" అంది. ఆ ఏడాది క్రిస్మస్ పండగకు ఇంట్లో కట్టిన పశువుల పాకలో మరియతల్లి మెడలో పసుపుతాడుతోనే కూర్చుంది.

బాలయేసు మాత్రం చాలాకాలం ఆ గుంపులో లేడు. వాడు వచ్చిన తీరు వేరు.

నాకు అయిదేళ్లప్పుడు అమ్మకు మగపిల్లాడు పుట్టాడు. పుట్టి ఒక్కసారి మూలిగాడు, అంతే. బిడ్డ ప్రాణం మీదికొచ్చి, స్వామి, అంటే మా చర్చి ఫాదరు, అందుబాటులో లేకపోతే, విశ్వాసులెవరైనా నీళ్లు పోసి జ్ఞానస్నానం, అదే బాప్తిస్మం, ఇవ్వొచ్చని మాలో ఉంది. మా పేటలోనూ కనకాలపేటలోనూ అలాంటి ఆపద వస్తే మా మామ్మనే పిలుచుకుపోయేవాళ్లు. తడబడకుండా పోస్తుందని పేరు. అలాంటి మామ్మ, తన సొంత మనవడి దగ్గరకొచ్చేసరికి, వేన్నీళ్ల కోసం వంటింట్లోకి పరిగెత్తింది. నీళ్ల చెంబుతో తిరిగొచ్చేసరికి మంత్రసాని తల అడ్డంగా ఊపింది. "సేతిలో నీళ్లెట్టుకుని కూడా పొయ్యలేకపోయేను" అని మామ్మ తర్వాత ఎన్నిసార్లు తనలో తను అనుకుందో నాకు తెలుసు. పప్పు రుబ్బుతూ అనుకునేది, జపమాల మధ్యలో అనుకునేది.

నీళ్లు పడని బిడ్డలను ఆ రోజుల్లో సమాధుల దొడ్డి కంచె లోపల పెట్టేవాళ్లు కాదు. తాతయ్య పక్కన చోటుంది. అయినా వాడిని కంచె అవతల, తుమ్మ చెట్ల దగ్గర పెట్టారు. పేరు పెట్టలేదు. ఇంట్లో వాడి మాట ఎవరూ ఎత్తేవారు కాదు. ఏటా సమాధుల పండగకు తాతయ్య దగ్గర కొవ్వొత్తి వెలిగిస్తూ అమ్మ ఒక్కసారి కంచె వైపు చూసేది. అటు మాత్రం వెళ్లేది కాదు. నేను అమ్మ చెయ్యి పట్టుకుని ఉండేదాన్ని కాబట్టి ఆ చెయ్యి బిగుసుకోవడం నాకు తెలిసేది.

వాడి కోసం మామ్మ ముందే కుట్టిన చొక్కాలు ట్రంకుపెట్టెలో ఉండిపోయాయి. తెల్లటి మల్లు గుడ్డ మీద పసుపు రంగు చిన్న చిన్న పువ్వులు. రెండేళ్లు గడిచాక ఒకరోజు మామ్మ వాటిని తీసి కుట్లు విప్పుతూ కూర్చుంది. చూపు ఆనక నన్ను సూదిలో దారం ఎక్కించమంది.

"మామ్మా, ఇవి తమ్ముడి చొక్కాలు కదా?"

"నోరు ముయ్యి. దారం ఎక్కించు."

సాయంత్రానికి బాలయేసు తయారయ్యాడు. జానెడు పొడవు, నల్లదారంతో కుట్టిన మూసిన కళ్లు, ఒళ్లంతా పసుపు పువ్వులు. అమ్మ పెరట్లోంచి వస్తూ చూసింది. గుడ్డ గుర్తుపట్టింది. వంటింట్లోకి వెళ్లి, ఆరిపోయిన పొయ్యి ముందు కూర్చుంది. ఆ తర్వాత అమ్మ ఆ బొమ్మను ముట్టుకునేది కాదు. నేలమీద కనబడితే చుట్టు తిరిగి వెళ్లేది. నేను మాత్రం వాణ్ణి వదిలేదాన్ని కాదు. పక్కలో పడుకోబెట్టుకునేదాన్ని, చీరమేను చేపల వేపుడు వాసన చూపించేదాన్ని, బడిలో ఎవరు నన్ను గిల్లారో చెప్పుకునేదాన్ని.

అప్పటికి అమ్మకు మళ్లీ నెలలు నిండుతున్నాయి. మామ్మకు కుదురు లేదు. ఒకరోజు నన్ను వాకిట్లో కూర్చోబెట్టి, బొమ్మను నా ఒళ్లో పెట్టి, చేతికి చిన్న ఇత్తడి చెంబు ఇచ్చింది.

"ఇంట్లో ఇద్దరికి తెలిసుండాలే. నా సెయ్యి ఒణికితే రెండో సెయ్యి ఉండాలి. నెత్తి మీద పొయ్యాలి, నీళ్లు పారాలి. పోత్తా మాటలు అనాలి. ఆగకూడదు, తడబడకూడదు. ఏదీ, అను."

"పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానము ఇచ్చుచున్నాను."

"గట్టిగా అను, మజ్జిగ తాగినట్టు నమిలెయ్యకు."

ఖాళీ చెంబుతో పది రోజులు నేర్పింది. షరతులు కూడా చెప్పింది. ప్రాణం మీదికి వస్తేనే పొయ్యాలి. ఊరికే సరదాకి పోస్తే పాపం. ఒకసారి పోశాక రెండోసారి ఎవరూ పోయకూడదు, స్వామి అయినా సరే. ఏ పేరుతో పొయ్యాలని అడిగితే, ఇంట్లో బిడ్డను ఎలా పిలుచుకుంటే అలా పిలిచి పొయ్యమంది.

నాకు ఖాళీ చెంబుతో తృప్తి కలగలేదు. మామ్మ కునుకు తీస్తున్నప్పుడు బూరుగు చెట్టు వెనక్కి వెళ్లి బొమ్మ నెత్తిన నిజం నీళ్లే పోశాను, పేరు కూడా పెట్టి. ఆ పేరు సంగతి తర్వాత వస్తుంది. దూది నీళ్లు తాగేసి తల బరువెక్కింది. పెంకుల మీద ఎండబెడితే నుదుటి మీద పసుపు పువ్వులు పోయి గోధుమరంగు మరక తేలింది. "దీని నెత్తిన కాఫీ ఒలకబోశావా?" అని మామ్మ అడిగితే అవునన్నాను. అదొక అబద్ధం.

పండగ ముందు నెల తమ్ముడు పుట్టాడు. బక్కపలచగా ఉన్నా గట్టిగా ఏడ్చాడు. మామ్మ ఈసారి చెంబు చేతిలోనే పట్టుకుని నిలబడింది. అవసరం పడలేదు. మర్నాడే గుడికి తీసుకెళ్దామంటే స్వామి కంటి వైద్యానికి పాండిచ్చేరి వెళ్లారు. పండగ దగ్గర్లో గాని రారట. నాన్న కూడా, జ్ఞానతండ్రిగా బిడ్డను ఎత్తుకోబోయే తన స్నేహితుడు అక్కణ్ణించే స్వామితో కలిసి వస్తాడు, అప్పుడు ఘనంగా చేద్దాం అన్నాడు. "నాలుగు సుక్కల నీళ్లకి రైలు దిగి రావాలా పెద్దమనిషి?" అని మామ్మ రోజూ సణిగేది. అమ్మ మాత్రం బిడ్డను ఒళ్లోంచి దించేది కాదు.

బిడ్డకు పన్నెండో రోజు. బయట తుపాను ముసురు. పెరట్లో తడికల చాటున అమ్మకు మామ్మ వావిలాకు నీళ్లతో స్నానం చేయిస్తోంది. ఇల్లంతా సాంబ్రాణి పొగ, బాలింతకిచ్చే కాయం ఉడుకుతున్న అల్లం బెల్లం వాసన. ఉయ్యాల దగ్గర నన్ను కాపలా పెట్టారు. తాగిన పాలు కక్కుకుని తమ్ముడికి పొలమారింది. ఒకసారి దగ్గాడు. తర్వాత నోరు తెరుచుకునే ఉంది, ఏడుపు లేదు. ముఖం ఎర్రబడింది, తర్వాత నల్లబడింది. "మామ్మా!" అని అరిచాను. పెంకుల మీద వాన హోరులో ఎవరికి వినబడుతుంది?

పెరట్లోకి పరిగెత్తితే నాలుగంగలు. ఇప్పుడైతే అదే చేస్తాను. కానీ ఆ క్షణాన నాకు వేన్నీళ్ల కోసం వెళ్లొచ్చిన మామ్మే గుర్తొచ్చింది. ఒక్క అడుగు వేసినా తిరిగొచ్చేసరికి అయిపోతుందనిపించింది. మంచినీళ్ల కుండలో చెంబు ముంచాను. నెత్తి మీద ధారగా పోస్తూ మాటలన్నీ అన్నాను, తడబడలేదు. మూడో ధారకు చల్లటి నీళ్లు ముఖం మీదకు జారి పిల్లాడు ఉలిక్కిపడ్డాడు. పాలన్నీ బయటికొచ్చాయి. గుక్క తిరిగి ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు.

ఆ ఏడుపుకు ఇద్దరూ తడి చీరలతో పరిగెత్తుకొచ్చారు.

"ఏమైందే?"

"పాలు కక్కుకున్నాడు. కడిగాను."

"తలంతా తడిపేశావు కదే, జలుబు చెయ్యదూ!" అని మామ్మ వీపు మీద ఒక్కటిచ్చింది.

నిజం ఎందుకు చెప్పలేదంటే, నాకు భయమేసింది. బిడ్డ బతికాడు కదా. బతికాడంటే అది ఆపద కాదన్నమాట, నేను ఊరికే పోశానన్నమాట. ఏడేళ్ల బుర్రకు లెక్క అలాగే తేలింది. పైగా ఇంకా పెద్ద ముప్పు ముందుంది. స్వామి వచ్చి రెండోసారి పోస్తారు. పోయకూడనిది పోస్తే ఆ పాపం ఎవరికి? స్వామికా, తమ్ముడికా, నాకా?

మా ఇంట్లో పండగ ముందు ఒక అలవాటుండేది. పశువుల పాక ముందే కట్టి, ఖాళీ తొట్టి పెట్టేవాళ్లు. నేను ఒక మంచి పని చేస్తే అందులో ఒక ఎండుగడ్డి పరక వెయ్యాలి. పండగ సాయంత్రానికి గడ్డి ఎంత చేరితే బాలయేసుకు పక్క అంత మెత్తగా ఉంటుంది. ఆ రోజునుంచి నేను పరక వెయ్యలేకపోయాను. వీధిలో ముసలావిడ బుట్ట మోసిపెట్టాను, వెయ్యలేదు. అడక్కుండా అంట్లు తోమాను, వెయ్యలేదు. పాపం చేసిన చేత్తో వేసిన గడ్డి గుచ్చుకుంటుందేమోనని భయం.

"ఏమే, మంచి పనులు మానేశావా? పాపం ఆ పసోణ్ణి కటికి చెక్క మీద పడుకోబెడతావా?" అంది మామ్మ. నేను ఏడుపు ఆపుకోలేక పెరట్లోకి పారిపోయాను.

స్వామి వచ్చారు. ఆదివారం జ్ఞానస్నానం. శనివారానికి బంధువులు దిగిపోయారు. అరిసెల పాకం, కజ్జికాయల కొబ్బరి, అత్తల నవ్వులు. ఆ సందట్లో బొమ్మను పరికిణీలో చుట్టుకుని గుడికి పరిగెత్తాను. స్వామి వెనక దొడ్లో బీరపాదుకు నీళ్లు పోస్తున్నారు. ఆయన ఫ్రెంచి ఆయన. తెల్లటి గడ్డం. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నారు కాబట్టి పుస్తకంలాగే మాట్లాడేవారు.

"ఏమి బిడ్డా, ఏల ఏడ్చుచున్నావు?"

"రేపు మా తమ్ముడికి నీళ్లు పొయ్యకండి స్వామీ. నేను పోసేశాను."

ఆయన కుండ కింద పెట్టారు. నవ్వలేదు, కోప్పడలేదు. పెద్దవాళ్లను అడిగినట్టే ఒక్కొక్కటీ అడిగారు.

"ఏ నీళ్లు?"

"మంచినీళ్ల కుండలోవండి."

"ఎచ్చట పోసితివి?"

"నెత్తి మీదండి. పారేయి."

"ఏమని పలికితివి?"

చెప్పాను. బొమ్మ మీద పోసి చూపించమన్నారు. బీరపాదు నీళ్లతోనే చూపించాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, నుదుటి మీద పాత మరక చూశారు గాని ఏమీ అడగలేదు.

"ఎందువలన పోసితివి?"

"కంచె అవతల పెడతారని" అన్నాను.

స్వామి కుండలో మిగిలిన నీళ్లు బీరపాదుకు పోసేశారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని మా ఇంటికి నడిచారు. ఒక చేతిలో స్వామి చెయ్యి, ఇంకో చేతిలో నీళ్లు కారుతున్న బొమ్మ. దారంతా జనం చూస్తున్నారు.

వాకిట్లో పందిరి వేయిస్తున్న నాన్న కంగారుగా ఎదురొచ్చాడు. స్వామి అందర్నీ పిలిచి చెప్పారు. "ఈ పసివానికి జ్ఞానస్నానము అయినది. ఇచ్చినది మీ కుమార్తె. సరిగానే ఇచ్చినది. రేపు నేను తైలము పూసెదను, తెల్లని వస్త్రము, దీపము ఇచ్చెదను. నీళ్లు మాత్రము మరల పోయను."

"బంధువులంతా దిగిపోయాక ఇదేంటి స్వామీ?" అన్నాడు నాన్న.

"విందు మానుకొమ్మని నేను చెప్పలేదే" అన్నారు స్వామి.

మామ్మ గుమ్మం పట్టుకుంది. "ఓసి నీ దుంప తెగ! ఆ రోజు తలంతా తడిపింది అందుకా? పిల్లోడు పోబోయాడా? నీకు భయమెయ్యలేదటే?"

"ఏసింది మామ్మా. నువ్వు తడబడకూడదన్నావుగా."

మామ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. కొట్టిన వీపే నిమిరింది.

"ఏ నామమున పోసితివని అడుగ మరచితిని" అన్నారు స్వామి. "ఏమని పిలిచితివి?"

"చిన్న తమ్ముడూ అనండి."

పందిరి కింద అందరూ గొల్లుమన్నారు. స్వామి కూడా గడ్డంలో నవ్వుకున్నారు. పేరు రేపు పెట్టుకోవచ్చు, దేవునికి పని నీళ్లతోనూ మాటతోనూ అన్నారు. అత్తలు, "చిన్న తమ్ముడంట!" అని ఒకళ్లనొకళ్లు పొడుచుకుంటున్నారు.

అమ్మ ఒక్కతే నవ్వలేదు. బిడ్డను భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"చిన్న తమ్ముడేంటే?" అంది. "మరి పెద్దోడెవడు?"

నేను బొమ్మను చూపించాను.

అమ్మ పందిరి కిందికొచ్చింది. నా ముందు కూర్చుంది.

"ఈడిక్కూడా పోశావా?"

"ముందు ఈడికే పోశాను. నిజం నీళ్లే అమ్మా. పెద్ద తమ్ముడూ అని పిలిచి పోశాను. ఆడి చొక్కాయే కదా ఇది."

మామ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనింకో తప్పు చేశాననుకుని స్వామి వైపు చూశాను.

"అమ్మా, బొమ్మకు పోసినది జ్ఞానస్నానము కాదు. నేను అబద్ధము చెప్పజాలను" అన్నారాయన. "అయితే ఆ బిడ్డను ఈ ఇంటిలో పిలిచినది ఈ పిల్ల ఒక్కతెయే. ఆ పిలుపు దేవుడు వినలేదని మాత్రము నేను చెప్పను."

అమ్మ చిన్న తమ్ముణ్ణి మామ్మకిచ్చింది. అన్నాళ్లూ ముట్టుకోని బొమ్మను నా చేతిలోంచి తీసుకుంది. తడి పిండింది, మెల్లగా, నొప్పి పుడుతుందేమో అన్నంత మెల్లగా. కొంగుతో దాని తల తుడిచింది. తర్వాత దాన్ని గుండెకు ఆనించుకుని, అందరి ముందూ, పెద్దగా ఏడ్చింది. అమ్మ అలా ఏడవగా నేను చూడటం అదే మొదటిసారి. ఎవరూ ఊరుకోమనలేదు.

ఆ పండగ సాయంత్రం నేను వెయ్యాల్సిన పరకలన్నీ ఒక్కసారే వేశాను. పిడికెడైంది. బొమ్మను తొట్టిలో పడుకోబెట్టింది అమ్మ. మరుసటి ఏడు సమాధుల పండగకు తాతయ్య దగ్గర కొవ్వొత్తి వెలిగించాక, అమ్మ నా చెయ్యి పట్టుకుని కంచె దాటి నడిచింది. తుమ్మముళ్లు గుచ్చుకుంటాయని నాన్న కేకేస్తున్నా ఆగలేదు. అక్కడ రెండో కొవ్వొత్తి వెలిగించింది. ఆ తర్వాత ఏ ఏడూ మానలేదు.

ఇప్పుడు ఆ కంచె లేదు. ఎప్పుడో తీసేసి, తుమ్మ చెట్లు కూడా కలుపుకుని చుట్టూ గోడ కట్టారు. స్వామి పోయారు, మామ్మ పోయింది, బూరుగు చెట్టు చోట మేడ లేచింది. ఒళ్లో దేవుణ్ణి పెట్టి చెంబు పట్టించి నేర్పే మామ్మలు ఎక్కడున్నారు? పోనీలే, పొట్ట నొక్కితే జపం చెప్పే బొమ్మయినా పిల్ల వాటేసుకుంటోంది కదా. వాటేసుకోవడమే ముందు, మామ్మ చెప్పింది కూడా అదేగా. నేను అనవసరంగా చిరాకుపడ్డాను.

అమ్మ తొంభై దగ్గరపడి మొన్నమొన్ననే పోయింది. ట్రంకుపెట్టె తెరిస్తే, పాత నీలం చీర ముక్కలో చుట్టి బొమ్మ ఉంది. పసుపు పువ్వులన్నీ వెలిసిపోయాయి. నుదుటి మీద మరక మాత్రం అలాగే ఉంది. సమాధి పెట్టెలో అమ్మ చేతులకు జపమాల చుట్టాక, ఆ బొమ్మను మోచేతి ఒంపులో పడుకోబెట్టాను. సరిగ్గా సరిపోయింది.

ప్రార్థన చదవడానికి వచ్చిన ఫాదరు కుర్రాడు. మెట్టకూరు వైపునుంచి ఈ మధ్యే వచ్చాడు. పుస్తకం తెరవబోతూ ఆగి, "అదేంటండీ, బొమ్మా?" అని మెల్లగా అడిగాడు. ఎప్పుడూ చెంబు కథ చెప్పి నవ్వించే మా తమ్ముడు, తెల్లజుట్టు మనిషి, నా పక్కనుంచి ఒక అడుగు ముందుకేశాడు.

"కాదండీ" అన్నాడు. "మా అన్నయ్య."